దిగుబడి లెక్కకు జి.పి.ఎస్. - రుణం దేనికి ఇవ్వాలి?

(ఒక క్షేత్రాధికారి అభిప్రాయం)

పంట రుణ దరఖాస్తులో "ఎకరాకు దిగుబడి" అని ఒక గడి ఉంటుంది. రైతు అందులో ఒక అంకె వేస్తాడు. ఆ అంకె ఎట్లా వచ్చిందని అడిగితే, "ప్రతి ఏడూ అంతే వస్తుందండి" అన్నదే సమాధానం. కళ్లంలో బస్తాలు లెక్కపెట్టి, పొలం విస్తీర్ణంతో భాగిస్తే వచ్చే సగటు అది. బ్యాంకువారికీ, సహకార సంఘానికీ, ధాన్యం వ్యాపారికీ అదే సగటు ఆధారం. సగటు అబద్ధం చెప్పదు గాని, నిజాన్ని పూర్తిగా చెప్పదు. పొలంలో ఏ మూల పండింది, ఏ మూల ఎండింది అన్న సంగతి ఆ అంకెలో కలిసిపోతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దేందుకే ఉపగ్రహ సంకేతాలను అందుకొనే జి.పి.ఎస్. రిసీవరును కోత యంత్రంలోని డిస్‌ప్లేకు కలిపి, ఎక్కడ ఎంత పండిందో అక్కడికక్కడే నమోదు చేసే విధానం వచ్చినది. ఇప్పుడు ఇటువంటి పరికరాలకు రుణం కోరుతూ దరఖాస్తులు వస్తున్నాయి. డీలర్లు కొటేషన్లు ఇస్తున్నారు. ఈ సందర్భంలో నా అభిప్రాయాన్ని సూటిగా చెప్పదలచుకున్నాను. బ్యాంకు రుణం ఇవ్వవలసినది రంగుల తెరకు కాదు; స్థానము, తూకము జతపడిన నమ్మదగిన లెక్కకు. ఆ లెక్క వచ్చే ఏర్పాటు లేని పరికరం ఎంత ఖరీదైనదైనా ఆస్తి కాదు, భారమే అవుతుంది. ఆ లెక్క వచ్చే ఏర్పాటు ఉంటే, చేతిలో పట్టే చిన్న రిసీవరు, ఒక కాటా కూడ రుణానికి అర్హమైనవే.

వండూర్ నేలకు ఈ లెక్క ఎందుకు?

నేను పనిచేసే వండూర్ ప్రాంతం దక్షిణ అండమాన్ దీవి పడమటి తీరాన, పోర్ట్‌బ్లెయిరుకు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పోర్ట్‌బ్లెయిరుకు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎన్నో ఉన్నాయి. కొండవాలులలో కొబ్బరి, పోక తోటలు, లోయలలో వరి, తీరాన చేపల వేట - ఇవే ఇక్కడి జీవనాధారాలు. గోదావరి డెల్టాలో కనిపించే విశాలమైన మాగాణులు ఇక్కడ లేవు. పెద్ద కోత యంత్రం తిరగడానికి చోటు లేని మడులే ఎక్కువ.

"అటువంటి చోట దిగుబడి పటం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. అటువంటి చోటనే ఎక్కువ అవసరమని నా సమాధానం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగినది. సునామీ అల వచ్చి పోయినది గాని, కుంగిన నేల వెంటనే పూర్వపు ఎత్తుకు రాలేదు. సముద్రపు పోటు నీరు పూర్వం చేరని లోతట్టు మడులకు చేరినది. కొన్ని పొలాలు శాశ్వతంగా నీట మునిగాయి. మరికొన్నిటిలో ఒక మూల ఉప్పు తగిలి, ఇంకొక మూల బాగానే ఉన్నది. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం ఈ ఉప్పును కొంత కడుగుతుంది. ఎండకాలంలో అది మళ్లీ పైకి తేలుతుంది. కనుక ఒకే రైతు ఎకరంలో మంచి నేల, చెడ్డ నేల పక్కపక్కనే ఉంటాయి.

వరి పైరు ఉప్పును కొంతవరకే ఓర్చుకొంటుంది. నేలలోని లవణ సాంద్రత మీటరుకు 3 డెసీసైమన్లు దాటిన తరువాత, ప్రతి యూనిట్ పెరుగుదలకు దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడిన లెక్క. అంటే 5 యూనిట్లున్న మడిలో దాదాపు నాలుగోవంతు పంట పోయినట్లే.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక ఎకరాన్ని 25 సెంట్ల చొప్పున నాలుగు భాగాలు చేశామనుకోండి. వాటిలో వరుసగా 5, 5, 4, 1 క్వింటాళ్ల ధాన్యం వచ్చింది. మొత్తం 15 క్వింటాళ్లు. దరఖాస్తు గడిలో "15" అని పడుతుంది. కాని ఆ ఎకరంలో 15 క్వింటాళ్ల నేల ఎక్కడా లేదు. మొదటి రెండు భాగాలు ఎకరాకు 20 క్వింటాళ్ల నేల. చివరి భాగం ఎకరాకు 4 క్వింటాళ్ల నేల. దుక్కికీ, నాటుకీ, ఎరువుకీ, కోతకీ నాలుగు భాగాలలోనూ ఒకటే ఖర్చు. చివరి పాతిక సెంట్లు ఏటా నష్టమే తెస్తున్నాయి. ఆ నష్టాన్ని మిగిలిన మూడు భాగాలు మోస్తున్నాయి. ఈ సంగతి తెలిసిన రైతు ఆ పాతిక సెంట్లలో ఉప్పును తట్టుకొనే వంగడం వేయవచ్చు. లేదా పోర్ట్‌బ్లెయిరులోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ సూచించిన ఎత్తుమడులు, కాలువల పద్ధతికి మారవచ్చు. ఎత్తు చేసిన మడిపై కూరగాయలు, పక్కనున్న లోతు కాలువలో వరి లేదా చేపలు పెంచే పద్ధతి అది. ఆ పనికి కావలసిన రుణం ఎకరానికి కాదు, పాతిక సెంట్లకు మాత్రమే. అప్పు తగ్గుతుంది, ఆదాయం పెరుగుతుంది. స్థానంతో జతపడిన తూకం విలువ ఇది.

యంత్రం లెక్క ఎట్లా కడుతుంది?

ఈ పత్రికను చదివే రుణగ్రహీతలు, డీలర్లు ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నారు. గోదావరి, కృష్ణా డెల్టాలలోను, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలోను వరికోత యంత్రాలు విరివిగా తిరుగుతున్నాయి. కనుక ముందుగా పెద్ద యంత్రంలో ఈ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి. అది తెలిస్తేనే చిన్న మడికి ఏమి పనికివస్తుందో తేలుతుంది.

కోత యంత్రంలో నూర్చిన ధాన్యం గొలుసు ఎలివేటరు ద్వారా పైనున్న తొట్టికి చేరుతుంది. ఎలివేటరు కొసన ఒక పలక అమర్చుతారు. ధాన్యం వచ్చి ఆ పలకను తాకే తాకిడిని సెన్సారు కొలుస్తుంది. ఆ తాకిడిని బట్టి సెకనుకు ఎన్ని కిలోల ధాన్యం వస్తున్నదో డిస్‌ప్లే అంచనా వేస్తుంది. మరొక సెన్సారు తేమను చూస్తుంది. యంత్రం వేగం, కోత వెడల్పు తెలిస్తే సెకనుకు ఎంత నేల కోస్తున్నదో తేలుతుంది. సెకనుకు వచ్చిన ధాన్యాన్ని సెకనుకు కోసిన నేలతో భాగిస్తే దిగుబడి వస్తుంది.

యంత్రం సెకనుకు ఒక మీటరు నడుస్తూ, 4 మీటర్ల వెడల్పు కోస్తూ ఉంటే, సెకనుకు 4 చదరపు మీటర్ల నేల కోసినట్లు. ఆ సెకనులో 2 కిలోల ధాన్యం వస్తే, చదరపు మీటరుకు అర కిలో. ఎకరం 4047 చదరపు మీటర్లు గనుక ఎకరాకు సుమారు 20 క్వింటాళ్లు, అంటే 75 కిలోల బస్తాలు 27. ఈ లెక్క సెకను సెకనుకూ జరుగుతుంది. ప్రతి లెక్క పక్కన జి.పి.ఎస్. చెప్పిన అక్షాంశ, రేఖాంశాలు చేరితే, ఆ వేల అంకెలే పటంగా మారతాయి.

ఇది నిన్నమొన్నటి విద్య కాదు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆల్ మైయర్స్ అనే ఇంజనీరు స్థాపించిన ఏజీ లీడర్ సంస్థ 1992లోనే దిగుబడి మానిటరును విక్రయించినది. జి.పి.ఎస్. వ్యవస్థ 1995లో పూర్తి స్థాయిలో పనిచేయనారంభించినది. పౌరుల రిసీవర్లకు అందే సంకేతాన్ని అమెరికా ప్రభుత్వం కావాలని మసకబరచే పద్ధతిని 2000 మే నెలలో ఆపివేసిన తరువాత, సాధారణ రిసీవరు కూడ బయలు ప్రదేశంలో కొద్ది మీటర్ల తేడాతో స్థానం చెప్పగలుగుతున్నది.

కలపడంలోనే ఉన్నది కీలకం

రిసీవరు ఒక సంస్థది, డిస్‌ప్లే మరొక సంస్థది, సెన్సారు ఇంకొకరిది కావచ్చు. ఈ మూడూ మాట్లాడుకోవాలంటే ఒక సామాన్య భాష కావాలి. విశేషమేమంటే, పొలంలో వాడే ఈ భాష సముద్రం మీద పుట్టినది. అమెరికాలోని జాతీయ నౌకా ఎలక్ట్రానిక్స్ సంఘం పడవలలోని పరికరాల కోసం రూపొందించిన ఎన్.ఎమ్.ఇ.ఎ. 0183 అనే ప్రమాణమే అది. వండూర్ చుట్టుపక్కల మోటారు పడవ నడిపే మన తెలుగు మత్స్యకారులలో జి.పి.ఎస్.నూ, లోతు చూపే ఫిష్ ఫైండరునూ ఒక తీగతో కలిపి వాడుతున్నవారికి ఈ భాష, పేరు తెలియకపోయినా, పరిచయమైనదే.

ఈ ప్రమాణంలో రిసీవరు చిన్న చిన్న వాక్యాలు పంపుతుంది. జి.జి.ఎ. అనే వాక్యంలో స్థానం, ఎన్ని ఉపగ్రహాలు దొరికాయి, దిద్దుబాటు అందుతున్నదా లేదా అన్నవి ఉంటాయి. ఆర్.ఎమ్.సి. వాక్యంలో తేది, సమయం, స్థానం, వేగం ఉంటాయి. వి.టి.జి. వాక్యంలో దిశ, వేగం ఉంటాయి. డిస్‌ప్లే ఏ వాక్యాలు కోరుతుందో, రిసీవరు ఆ వాక్యాలే పంపేటట్లు అమర్చాలి.

రెండవది వేగం. ఈ ప్రమాణంలో మామూలుగా వాడే వేగం 4800 బాడ్, అంటే సెకనుకు సుమారు 480 అక్షరాలు. ఒక వాక్యం దాదాపు 70 అక్షరాలు అనుకొంటే, సెకనుకు ఒకసారి మూడు వాక్యాలు పంపితే 210 అక్షరాలు, సుఖంగా సరిపోతుంది. అదే సెకనుకు 5 సార్లు పంపమంటే 1050 అక్షరాలు కావాలి. 4800 బాడ్ తీగలో అవి పట్టవు. వాక్యాలు మధ్యలో తెగిపోతాయి, పటంలో ఖాళీలు పడతాయి. అప్పుడు రెండు పరికరాలనూ 38400 బాడ్‌కు మార్చాలి. ఒకటి 4800 వద్ద, మరొకటి 38400 వద్ద ఉంటే తెర వెలుగుతుంది గాని స్థానం రాదు. "రిసీవరు పాడైంది" అని రైతు వాపసు పంపే పరికరం నిజానికి పాడయి ఉండకపోవచ్చు. రెండు అంకెలు కలవకపోయి ఉండవచ్చు. ఒకదాని పంపే తీగ రెండవదాని అందుకొనే తీగకు కలవాలనీ, గ్రౌండ్ తీగ రెంటికీ ఒకటే కావాలనీ డీలరు మెకానిక్కుకు తెలిసి ఉండాలి. కొత్త ట్రాక్టర్లలో, పనిముట్లలో ఐ.ఎస్.ఓ. 11783 అనే మరొక ప్రమాణం ఉన్నది. పాత పరికరాన్ని దానికి కలపాలంటే మధ్యవర్తి పరికరం అవసరమవుతుంది. ఆ ఖర్చును కొటేషనులో ముందే చూపడం న్యాయం.

నా పరిశీలనకు వచ్చిన కొటేషన్లలో డిస్‌ప్లే ధర ఉంటున్నది, రిసీవరు ధర ఉంటున్నది. కేబులు, కనెక్టరు, అమరిక, తూకంతో సరిచూసే పని వీటి ప్రస్తావన తరచు ఉండడం లేదు. బండి, ఎద్దులు కొని, కాడి మరచినట్లున్నది ఈ వ్యవహారం.

రంగుల పటం తప్పు చెప్పే సందర్భాలు

అన్నీ సరిగా కలిసిన తరువాత కూడ పటం తప్పు చెప్పవచ్చు. ఇందుకు నాలుగు కారణాలు ముఖ్యమైనవి.

మొదటిది స్థానంలోని తేడా. రిసీవరు 5 మీటర్లు అటూ ఇటూ చెబుతుందనుకొందాం. ఎకరం చతురస్రంగా ఉంటే ఒక్కొక్క అంచు సుమారు 64 మీటర్లు. గట్టు నుండి 5 మీటర్ల లోపు పడే నేల ఆ ఎకరంలో 29 శాతం. అంటే పావు వంతుకు పైగా నేలలో వచ్చిన పంట పక్క పొలం లెక్కలో పడే అవకాశమున్నది. అదే 10 సెంట్ల మడి అయితే అంచు 20 మీటర్లే. గట్టు నుండి 5 మీటర్ల లోపు నేల 75 శాతం. అటువంటి మడిలో ఆ పటం దాదాపు వ్యర్థం.

మన దేశంలో ఈ తేడాను తగ్గించుకొనే మార్గం ఉన్నది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి విమానయానం కోసం నెలకొల్పిన గగన్ వ్యవస్థ ఉపగ్రహాల ద్వారా దిద్దుబాటు సంకేతాన్ని ప్రసారం చేస్తున్నది. దాని భూస్థిత కేంద్రాలలో ఒకటి పోర్ట్‌బ్లెయిరులోనే ఉన్నది. గగన్‌ను అందుకొనే రిసీవరు బయలులో 2 మీటర్ల తేడాతో చెప్పినదనుకొంటే, ఎకరంలో అనుమానపు నేల 12 శాతానికి, 10 సెంట్ల మడిలో 36 శాతానికి తగ్గుతుంది. కనుక "ఇది గగన్ అందుకొంటుందా?" అన్నది కొనుగోలుదారు అడగవలసిన మొదటి ప్రశ్న. అయితే కొబ్బరి, పోక తోటల నీడలో ఆకాశం సరిగా కనపడదు. అక్కడ ఏ రిసీవరైనా తడబడుతుంది.

రెండవది ఆలస్యం. పైరు కోసిన క్షణానికీ, ఆ ధాన్యం పలకను తాకిన క్షణానికీ మధ్య పది పన్నెండు సెకన్లు పడుతుంది. సెకనుకు మీటరు చొప్పున యంత్రం ఈలోగా 12 మీటర్లు ముందుకు పోతుంది. డిస్‌ప్లేలో ఈ ఆలస్యాన్ని సరిగా నమోదు చేయకపోతే, ఒక మడిలో పండిన ధాన్యం మరొక మడి పేరున పడుతుంది.

మూడవది వెడల్పు. మూలలలో, చివరి సాలులో యంత్రం సగం వెడల్పే కోస్తుంది. డిస్‌ప్లే మాత్రం నిండు వెడల్పు అనుకొంటుంది. 20 క్వింటాళ్ల నేల 10 క్వింటాళ్ల నేలగా కనిపిస్తుంది. డ్రైవరు తెరపై వెడల్పును మార్చే అలవాటు చేసుకోవాలి.

నాలుగవది తేమ. కోతనాడు 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం, 14 శాతానికి ఎండితే సుమారు 91 కిలోలు మాత్రమే. ఒక పొలాన్ని ఉదయం మంచులో, ఇంకొక పొలాన్ని మధ్యాహ్నపు ఎండలో కోసి, తేమ సరిచేయకుండా రెండు దిగుబడులను పోల్చడం సరికాదు.

వీటన్నిటికీ మందు ఒక్కటే - కాటా. సీజను ఆరంభంలో మూడు నాలుగు లోడ్లు వేబ్రిడ్జిపై తూచి, తెర చెప్పిన అంకెతో పోల్చి సరిదిద్దాలి. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా కోసి చూడాలి. వంగడం మారినప్పుడు మళ్లీ చూడాలి. కాటా ఎక్కని పటం గోడకు తగిలించుకొనే బొమ్మ మాత్రమే.

చిన్న మడికి చిన్న ఏర్పాటు

ఇప్పుడు మళ్లీ వండూర్ మడుల సంగతికి వద్దాం. ఇక్కడ సెన్సారు ఉన్న కోత యంత్రం వ్యక్తిగత రుణంపై కొనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఎకరం, రెండెకరాల ఆదాయం ఆ వాయిదాలను మోయలేదు. కాని యంత్రం చేసే పనిని విడదీసి చూస్తే, అది చేసేది రెండే పనులు: ఎక్కడ అన్నది గుర్తించడం, ఎంత అన్నది తూచడం. ఈ రెండు పనులు కొడవలితో కోసే రైతు కూడ చేసుకోవచ్చు.

గగన్ అందుకొనే చేతి రిసీవరు ఒకటి, వేలాడదీసే కాటా ఒకటి, తేమ మీటరు ఒకటి - ఈ మూడు పది పదిహేను మంది రైతుల సంఘానికి సరిపోతాయి. పొలాన్ని ముందుగా 10 సెంట్ల, 25 సెంట్ల భాగాలుగా విడదీసి, మూలలలో గుర్తు రాళ్లు పాతి, వాటి అక్షాంశ, రేఖాంశాలు ఒకసారి నమోదు చేయాలి. ఒక్కొక్క మూల వద్ద రిసీవరును కొన్ని నిమిషాలు నిలిపి సగటు తీస్తే తేడా తగ్గుతుంది. కోతలో ఏ భాగం పనలు ఆ భాగంలోనే కట్టి, విడిగా నూర్చి, విడిగా తూచాలి. ఇక్కడ ఎన్నో ఏళ్లుగా వేస్తున్న సి-14-8 వంటి దీర్ఘకాలిక వరి ఒకే పంటగా వస్తుంది గనుక, ఏడాదికి ఒకసారి శ్రమపడితే చాలును. ఈ పద్ధతిలో ధాన్యం రాదగిన ఆలస్యం లేదు, వెడల్పు పొరపాటు లేదు. గుర్తు రాళ్లు స్థిరం గనుక గట్టు దగ్గర అనుమానమూ లేదు.

కొబ్బరి, పోక తోటలలో వరుసకు ఒక అంకె, చెట్టుకు ఒక అంకె వేసి, దింపు దింపుకూ కాయలు లెక్కించి వ్రాసుకోవాలి. చెట్టే అక్కడ స్థానం. ఉపగ్రహం అవసరం లేదు.

ఒకే ఏటి లెక్కతో నిర్ణయం తీసుకోరాదు. వరుసగా మూడేళ్లు అదే పాతిక సెంట్లు వెనకబడితే, అప్పుడు మట్టి పరీక్ష చేయించి, కారణం ఉప్పా, నీరు నిలవడమా, పోషక లోపమా తేల్చుకోవాలి. పటం రోగం ఉన్న చోటును చూపుతుంది. రోగం పేరు చెప్పేది మట్టి పరీక్షే.

పడవలో కూడ ఇదే లెక్క

మత్స్యకార సోదరులకు ఇదే సూత్రం వర్తిస్తుంది. కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యం 1998లో రైతులకు ఆరంభమై, 2018-19 కేంద్ర బడ్జెట్‌లో మత్స్యకారులకు కూడ విస్తరించబడినది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం చేపలు దొరికే అవకాశమున్న చోట్లను అక్షాంశ, రేఖాంశాలతో, తీర కేంద్రం నుండి దూరం, దిశ, లోతులతో తెలియజేస్తున్నది. ఈ సూచనలు అండమాన్ తీరానికీ ఉన్నాయి. సూచన అందుకొన్న పడవ అక్కడికి పోయి వల వేసినది, ఇన్ని కిలోలు వచ్చినవి, ఇంత డీజిలు అయినది - ఈ మూడు అంకెలు వ్రాసుకొన్న పడవ యజమాని చాలా అరుదు. వ్రాసుకొంటే, ఏ నెలలో ఏ చోటికి పోవడం లాభమో రెండు మూడేళ్లలో అతని చేతికే తెలుస్తుంది.

మరొక ప్రయోజనం కూడ ఉన్నది. వండూర్ ఎదుటి దీవులు, వాటి చుట్టూ ఉన్న సముద్రం 1983 నుండి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం పరిధిలో ఉన్నాయి. అందులో వేట నిషిద్ధం. సరిహద్దును పరికరంలో నమోదు చేసుకొన్నవారు పొరపాటున కూడ లోపలికి పోరు. ఎక్కడ వేటాడారో చూపే రికార్డు వారి నిజాయితీకి సాక్ష్యంగా నిలుస్తుంది.

కొన్ని సందేహాలు

"దిగుబడి పటం బ్యాంకు చేతిలో పడితే, చెడ్డ నేల చూసి రుణం తగ్గిస్తారేమో" అన్న భయాన్ని చాలామంది రైతులు నా వద్ద వ్యక్తం చేశారు. ఈ భయం నిరాధారమని నేను అనను. అందుకే పటం రైతు సొత్తు అన్నది రుణ పత్రంలోనే వ్రాయాలని నా అభిప్రాయం. రైతు ఇష్టపడి చూపితేనే బ్యాంకు చూడాలి. ఒక ఏటి చెడ్డ లెక్కను కారణం చేసి పంట రుణ పరిమితి తగ్గించరాదు. పంట రుణ పరిమితికి జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయించిన రుణ ప్రమాణం ఉండనే ఉన్నది. పటం ఉపయోగం ఆ పరిమితిని కోయడానికి కాదు. చెడిన భాగాన్ని బాగుచేసే పెట్టుబడి రుణానికి ఆధారం చూపడానికి.

"రైతు తెర చూసి ముచ్చటపడతాడు, కేబులు సంగతి ఎవరూ అడగరు" అని డీలర్లు అంటున్నారు. అడగకపోయినా చెప్పడం వారి ధర్మం. ముఖ్యంగా దీవులలో ఈ బాధ్యత రెట్టింపు. ప్రధాన భూభాగం నుండి ఓడలో సరకు రావడానికి రోజులు పడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి కనెక్టరు పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. ఒక చిన్న పిన్ను విరిగితే, కోతకాలం దాటేవరకు లక్షల రూపాయల పరికరం మూలపడి ఉంటుంది. వాయిదా మాత్రం ఆగదు.

నేను ప్రతిపాదించేది

ఇటువంటి పరికరాలకు రుణం మంజూరు చేసేటప్పుడు ఈ క్రింది ఐదు షరతులు తప్పనిసరి చేయాలని నా ప్రతిపాదన.

1. కొటేషనులో రిసీవరు, డిస్‌ప్లే, సెన్సార్లు, కేబులు-కనెక్టర్లు, అమరిక-శిక్షణ అనే ఐదు అంశాలు విడివిడిగా ధరలతో ఉండాలి. ఏ ప్రమాణంలో, ఏ బాడ్ వేగంతో కలుస్తాయో వ్రాతపూర్వకంగా చెప్పాలి.

2. రుణం చివరి భాగాన్ని రైతు పొలంలో ప్రత్యక్ష పరీక్ష జరిగిన తరువాతే డీలరుకు చెల్లించాలి. కనీసం మూడు లోడ్ల తూకం తెర అంకెకు 5 శాతం లోపు సరిపోవాలి.

3. నమోదైన లెక్క అదనపు రుసుము లేకుండా, మామూలు కంప్యూటరులో తెరుచుకొనే రూపంలో రైతు చేతికి రావాలి. డీలరు మారినా, సంస్థ మూతపడినా పాత లెక్క పోరాదు.

4. ఐదెకరాల లోపు రైతులకు వ్యక్తిగత రుణం బదులు, సంఘానికీ, అద్దె యంత్రాల కేంద్రానికీ రుణం ఇవ్వాలి. చేతి రిసీవరు, కాటా, తేమ మీటరు కలిసిన చిన్న ఏర్పాటుకూ వెనుకాడకుండా రుణం ఇవ్వాలి.

5. దీవులలో అమ్మే డీలరు ఒక జత కేబుళ్లు, కనెక్టర్లు స్థానికంగా నిలువ ఉంచాలి.

అద్దెకు యంత్రం నడిపేవారికి మరొక మాట. సెన్సారు లేకపోయినా, ఒక్క జి.పి.ఎస్. రిసీవరు కోసిన విస్తీర్ణాన్ని ఎకరాలలో చూపగలదు. గంట లెక్కా, ఎకరం లెక్కా అని రైతుకూ యజమానికీ మధ్య వచ్చే తగవు దానితో తీరుతుంది. ఎకరానికి ఒకటి రెండు సెంట్లు అటూ ఇటూ అయినా, కంటితో వేసే అంచనా కంటె అది మేలు. అనుమానం తీరిన రైతు మరుసటి ఏడు కూడ అదే యంత్రాన్ని పిలుస్తాడు.

రుణగ్రహీతలకు నా విజ్ఞప్తి ఒకటే. వచ్చే కోతలో పరికరం ఉన్నా లేకపోయినా, మీ పొలాన్ని నాలుగు భాగాలు చేసి నాలుగు రాశులు విడిగా తూచండి. నాలుగు అంకెలు ఒక కాగితంపై వ్రాసి, తేది వేసి, తదుపరి రుణానికి వచ్చినప్పుడు వెంట తీసుకొని రండి. "ఎకరాకు దిగుబడి" అన్న గడిలో ఒక అంకె వ్రాసే బదులు, ఆ కాగితాన్ని జతపరచండి. ఏ పాతిక సెంట్లకు ఏమి చేయాలో, అందుకు ఎంత రుణం కావాలో మనం కలిసి కూర్చుని లెక్క వేసుకొందాం.